వదిన చేబదులు

అద్దాలాయన దివాలా తీశాడంటే వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు. దివాలా తీసేవాళ్ల వాలకం వేరుగా ఉంటుందని జనం నమ్మకం. తాగాలి, పేకాడాలి, లేదా కనీసం సొంత కారులో తిరిగి ఉండాలి. ఇతనికి ఆ ముచ్చటలేవీ లేవు. పొద్దున్నే షట్టరెత్తి, బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద గాజు పలకను చంటిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పడుకోబెట్టేవాడు. కట్టర్‌ను కిరోసిన్‌లో ముంచి, స్కేలు వెంట ఒకే ఒక్క గీత గీసేవాడు. గీస్తున్నప్పుడు సన్నగా ఒక కూత వస్తుంది. అది మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా వస్తే గాజు మనం చెప్పినట్టు వింటుంది. మధ్యలో కూత తెగిందంటే ఎక్కడ పగలాలో గాజే చూసుకుంటుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కూత వింటూ బతికిన మనిషి అతను.

పెళ్లి చేసుకోలేదు. ముందు అన్నయ్య పెళ్లి అన్నారు, తరవాత కొట్టు నిలదొక్కుకోవాలి అనుకున్నాడు, ఆ తరవాత అడిగేవాళ్లు లేకపోయారు. కొట్టు వెనక ఉన్న గదిలోనే మంచం, పొయ్యి, ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరం ఎప్పుడూ పడలేదు.

"చుట్టూ అన్ని అద్దాలు పెట్టుకున్నావు. ఎటు తిరిగినా ఒక మనిషి కనిపిస్తూనే ఉంటాడు. ఇంక నీకు పెళ్లాం ఎందుకయ్యా?" అని వదిన ఏడిపించేది.

వదిన అంటే అన్నయ్య భార్య. అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ రెండు వీధుల అవతల, చిన్న ఇంట్లో ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పిల్లల్లేరు. ఆదివారం మధ్యాహ్నం మరిది భోజనానికి వెళ్లేవాడు. ఆవిడ వడ్డిస్తూ అతన్ని ఆటపట్టించేది, అతను తింటూ ఆవిడ కుట్టిన కాలర్లకు వంకలు పెట్టేవాడు. అన్నయ్య ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు, ఎత్తకుండానే ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకునేవాళ్లు. వారంలో మిగిలిన ఆరు రోజులూ అతను ఆ ఒక్క పూట కోసమే బతికేవాడంటే అందులో కోతేమీ లేదు.

అతన్ని ముంచింది ఒక హోటలు. కొత్తగా కడుతున్న పెద్ద హోటల్లో ప్రతి గదికీ నిలువుటద్దం, స్నానాలగదికి వేరే అద్దం, కింద హాల్లో గోడంత అద్దం. అంత పని జన్మలో రాదనుకున్నాడు. బ్యాంకులో కొట్టు పేరు మీద అప్పు తీసుకున్నాడు. టోకు వ్యాపారి దగ్గర గాజు అరువు తెచ్చాడు. అంచులు నున్నగా అరగదీసే మిషను ఫైనాన్సులో కొన్నాడు. కూలీలకు క్రెడిట్ కార్డు గీకి ఇచ్చాడు. అద్దాలన్నీ గోడలకు ఎక్కాయి. హోటలు మాత్రం తెరవకముందే చేతులు మారింది. పని చెప్పిన పెద్దమనిషి మొహం చాటేశాడు. కొన్నాయన, "నేను కొన్నది గోడలతో సహా. అద్దాల సంగతి పాతాయన్నే అడుక్కో" అన్నాడు. గోడకు అతికించిన అద్దాన్ని ఊడబీకితే మిగిలేది పెంకులే కదా.

అప్పుడు అతను అడక్కుండానే వదిన డబ్బు తీసి ఇచ్చింది. అన్నయ్య పోయినప్పుడు వచ్చిన సొమ్ము అది. ఎన్నో అవసరాలు వచ్చినా ముట్టుకోనిది.

"వద్దు వదినా. నీకంటూ ఉన్నది అదొక్కటే."

"అప్పేమీ ఇవ్వడం లేదులే, చేబదులు. నీ దగ్గర ఉన్నప్పుడు ఇద్దువుగాని. ముందు ఆ మొహం కడుక్కో, చూడలేక చస్తున్నా."

చేబదులంటే దానికి కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, గడువు ఉండదు. ఉండేదల్లా మొహమాటం ఒక్కటే. అందుకే అన్ని అప్పులకన్నా అదే బరువు. బ్యాంకువాడికి కిస్తీ ఎగ్గొట్టి నిద్రపోగలడు గాని, వదిన పెట్టిన ముద్ద మింగుతున్నప్పుడు మాత్రం అతనికి ఆ డబ్బే గుర్తొచ్చేది.

ఆ డబ్బు కూడా వడ్డీలకే చాల్లేదు. ఇంక చేతులెత్తేయడం తప్పదని తేలినప్పుడు అతను ఒక పని చేశాడు. అద్దాలు మోసే తన బుల్లి వ్యాను, దాని మీద పైసా బాకీ లేదు, దాన్ని అమ్మేశాడు. వచ్చిన డబ్బు బ్యాంకులో పడిన రోజే తీసి, వదిన చేబదులు మొత్తం ఆవిడ చేతిలో పెట్టాడు. నేను మునిగితే మునిగాను, ఆవిడ్ని మాత్రం ముంచలేదు అనుకున్నాడు. ఆ రాత్రి ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాడు. అతను చేసిన పనుల్లోకెల్లా మంచిది అదేనని అతని నమ్మకం. అదే అతని కొంప ముంచింది, అది తరవాతి మాట.

వకీలు దగ్గరికి ఆ తరవాత వెళ్లాడు. ఆవిడ నడివయసు మనిషి, మాట కటువు, మనసు మంచిది. ఐపీ పెట్టడమంటే, అంటే కోర్టులో దివాలా అర్జీ వేయడమంటే ఏమిటో ఓపిగ్గా చెప్పింది.

"చూడు నాయనా, కొట్టు వేరు నువ్వు వేరు అనుకుంటున్నావు. కంపెనీ అయితే ఆ మాట చెల్లేది. నీది ఒంటిమనిషి వ్యాపారం. కొట్టు చేసిన అప్పు నీదే, నువ్వు కార్డు మీద చేసిన అప్పూ నీదే. చట్టానికి రెండూ ఒకటే. నీకున్నవన్నీ చెప్పాలి, నువ్వు ఇవ్వాల్సినవన్నీ చెప్పాలి. కోర్టు ఒక అధికారిని వేస్తుంది. ఆయన నీ సామాను అమ్మి, వచ్చింది అందరికీ వాటాల ప్రకారం పంచుతాడు. చేతిపనివాడివి కాబట్టి పనిముట్లు, బట్టలు, మంచం నీకు వదిలేస్తారు. మిగిలిన బాకీ కొన్నాళ్లకి కొట్టేస్తారు."

"మరి అప్పులవాళ్ల ఫోన్లు?"

"అర్జీ తీసుకున్న రోజునుంచి ఎవడూ నీ గుమ్మం తొక్కడానికి వీల్లేదు. సరే గాని, దాచకుండా చెప్పు. అప్పులు ఇంకేమైనా ఉన్నాయా? ఈమధ్య ఎవరికైనా విడిగా తీర్చావా?"

"అప్పులు ఇంతేనండి," అన్నాడు అతను. అబద్ధమాడుతున్నానని అతనికి తోచలేదు. ఆవిడ అడిగింది అప్పుల గురించి. వదినది చేబదులు. అది కూడా తీరిపోయింది.

ఈలోగా వదిన ఆ డబ్బుతో కలలు కనడం మొదలుపెట్టింది. బజారులో చిన్న గది అద్దెకు తీసుకుని అడ్వాన్సు కట్టింది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొంది. బయట బోర్డు రాయించింది. ఇన్నేళ్లూ ముందు గదిలో మంచం జరిపి మిషను పెట్టుకున్న మనిషి, ఆ బోర్డు కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసింది. బట్టలు వేసుకుని చూసుకునే మూలకు మరిదే కొలతపెట్టి అద్దం బిగించాడు.

"అద్దం కాస్త సన్నగా చూపించేలా చెయ్యకూడదూ? గిరాకీ పెరుగుతుంది."

"సన్నగా కుట్టు వదినా. అద్దానికి అబద్ధం చెప్పడం రాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి హాయిగా నవ్వుకున్న ఆఖరి రోజు అదే.

అర్జీ పడ్డాక నిజంగానే ఫోన్లు ఆగిపోయాయి. మొదటి నాలుగు రోజులు స్వర్గంలా ఉంది. తరవాత ఆ నిశ్శబ్దం మీద పడింది. ఫైనాన్సు కంపెనీ తరఫున వసూలుకు వచ్చే హెల్మెటు మనిషి ఒకడుండేవాడు. రోజూ సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చుని, ఉద్యోగధర్మంగా ఒక బెదిరింపు బెదిరించి, తరవాత తన నడుంనొప్పి గురించి చెప్పుకునేవాడు. వాడూ రావడం మానేశాడు. ఒకరోజు బండి మీద పోతుంటే అద్దాలాయన తెలియకుండానే చెయ్యెత్తాడు. వాడు చూడనట్టు వెళ్లిపోయాడు. తనకు అప్పిచ్చినవాళ్లు తప్ప తనతో మాట్లాడేవాళ్లు లేరన్న సంగతి అతనికి అప్పుడు తెలిసొచ్చింది. చెప్పుకుంటే నవ్వుతారు గాని, అతనికి ఏడుపొచ్చింది.

వీధిలోవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. ఎదురుపడితే తలూపేవాళ్లు. కాకపోతే టీకొట్టాయన గ్లాసు ఇచ్చేముందు చెయ్యి చాపడం మొదలుపెట్టాడు. పక్క కొట్టు వడ్రంగి తన సుత్తి అరువివ్వడం మానేసి, "ఎక్కడో పెట్టానయ్యా" అంటూ నీళ్లు నమిలేవాడు. దివాలా అంటురోగమేమోనని వాళ్ల అనుమానం.

కోర్టు వేసిన అధికారి గది మూడో అంతస్తులో ఉండేది. బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. బ్యాంకు కాగితాలు చూస్తూ, "ఈ వ్యాను డబ్బు పడిన రోజే మొత్తం తీసేశారు. ఏం చేశారు?" అని అడిగాడు.

ఇక్కడ ఇంకొకడైతే తడబడేవాడు. అద్దాలాయన మాత్రం నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్లకు తన నిజాయితీ చెప్పుకునే అవకాశం వచ్చిందనుకున్నాడు.

"మా వదినకి ఇచ్చేశానండి. అన్నయ్య పోయినప్పుడు వచ్చిన డబ్బండి, చేబదులుగా ఇచ్చింది. ముందు ఆవిడది తీర్చాకే వకీలమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఒంటరి ఆడమనిషి సొమ్ము ఉంచుకుని కోర్టుకెక్కే రకం కాదండి నేను."

అధికారి కలం కింద పెట్టాడు. పక్కన కూర్చున్న వకీలు తల పట్టుకుంది.

"మీ ఉద్దేశం మంచిదే," అన్నాడు అధికారి. "కానీ అప్పటికే మీరు అందరికీ కట్టలేని స్థితిలో ఉన్నారు. ఉన్నదాంట్లో అందరికీ వాటా ఉంది. మీరు ఒక్కరికే, అదీ సొంతవాళ్లకి, మొత్తం ఇచ్చేశారు. అది చెల్లదు. ఆవిడ ఆ డబ్బు వెనక్కి కట్టాలి. మిగతా వాళ్లతోపాటు ఆవిడకీ ఎంతో కొంత వాటా వస్తుంది."

"అది అప్పు కాదండి."

"మరేమిటి?"

చేబదులంటే ఏమిటో ఆ బల్లకు ఇవతల ఉన్నవాడికి తెలుసు, అవతల ఉన్నాయనకూ బహుశా ఇంటి దగ్గర తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు తెలియదు.

"పోనీ నాకు వదిలేస్తామన్న కట్టర్లు, బల్ల, మంచం, అవి కూడా తీసేసుకోండి. ఆవిడ జోలికి పోకండి. కాళ్లు పట్టుకుంటాను."

"అవి మీరిచ్చినా నేను తీసుకోకూడదు," అన్నాడు ఆయన. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆవిడకి వచ్చేవారం నోటీసు వెళ్తుంది."

మెట్లు దిగుతుంటే వకీలు కోపమంతా వెళ్లగక్కింది. "ఆ రోజు అడిగానా లేదా? నెలల కొద్దీ వెనక్కి వెళ్లి తవ్వుతారయ్యా వాళ్లు. సరే, అయిందేదో అయింది. నోటీసు అందేలోపు నువ్వే వెళ్లి ఆవిడకి చెప్పు. అధికారి నోట వినే మాట కాదిది."

చెప్పాలనే వెళ్లాడు. ఆదివారం. దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి వదిన సంతోషంగా ఉంది. ఒక బడివాళ్లు పిల్లలందరి యూనిఫారాలూ ఆవిడకే అప్పగించారట. సాయానికి ఒక అమ్మాయిని పెట్టుకుంటానంది. వడ్డించేటప్పుడు చేతులు గాల్లో తిప్పుతూ బట్ట ఎక్కడ తెస్తే చవకో చెప్పింది. తిన్నాక చెబుదామనుకున్నాడు. తిన్నాక ఆవిడ మంచినీళ్లిచ్చింది, తాగాక చెబుదామనుకున్నాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అతను చెప్పులేసుకుంటున్నాడు.

"ఏమయ్యా, అంత తొందరేమిటి? నీ కోసం కొట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

"లేదులే వదినా. వస్తా."

ఈ మనిషిని నాలుగు తన్నాలనిపించేది ఇక్కడే. చట్టం చేసింది చట్టం చేసింది. ఆ ఒక్క మాట నోటితో చెప్పడానికి ఏ కోర్టూ అడ్డురాలేదు. కానీ ఆ పూట పాడైపోతే మళ్లీ అలాంటి పూట రాదని అతనికి భయం. భయంతో ఆ ఒక్క పూట దక్కించుకున్నాడు.

నోటీసు మంగళవారం అందింది. వదిన కొట్టుకు వచ్చింది. ఎప్పుడూ లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చునే మనిషి, షట్టరు బయటే నిలబడింది. ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"ఇది వస్తుందని నీకు ఎప్పుడు తెలుసు?"

అతను బల్ల మీది కంబళి సర్దాడు.

"నిన్నే అడుగుతున్నా. ఎప్పుడు తెలుసు?"

"శుక్రవారం."

"ఆదివారం వచ్చావు. నా ఎదురుగా కూర్చుని, నేను పెడుతుంటే రెండోసారి పెట్టించుకుని తిన్నావు. అమ్మాయిని పెట్టుకుంటానని నేను చెబుతుంటే తలూపావు."

"వదినా, నీ మంచికోసమే ముందు నీకిచ్చాను..."

"ఇచ్చినందుకు కాదయ్యా నా ఏడుపు. ఆ డబ్బు నీకిచ్చిన రోజే పోయిందనుకున్నా. వచ్చినప్పుడు ఆశ్చర్యపోయా. మళ్లీ పొమ్మంటే పోతుంది. అంతసేపు నా మొహంలోకి చూస్తూ ఎలా తిన్నావు? నాకది చెప్పు."

కొట్లో ఉన్న అద్దాలన్నిట్లోనూ ఆవిడ వీపు తిప్పి వెళ్లడం కనిపించింది. అతను తల దించుకోవలసి వచ్చింది.

వదిన కోర్టుతో పోట్లాడలేదు. గది ఖాళీ చేసింది. అడ్వాన్సులో సగం యజమాని కోసుకున్నాడు. ఓవర్‌లాక్ మిషను కొన్న చోటే తక్కువకి తిరిగిచ్చింది. మిగిలింది తన మెడలోని గొలుసు అమ్మి పూడ్చింది. ఆ సంగతి అతనికి వకీలు చెప్పింది. రెండు ఆదివారాలు అతను ఆవిడ వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. మూడోసారి తలుపు తట్టాడు. ఆవిడ తీసింది. ఇంటినిండా గుడ్డలున్నాయని, పనిలో ఉన్నానని చెప్పింది. అది నిజమే. ముందు గదిలో మంచం మళ్లీ గోడకు జరిపి ఉంది.

కొట్టులో సామాను వేలం వేశారు. గాజు పలకల్ని టోకు వ్యాపారి మనుషులే పాడుకుని, తెచ్చిన చోటికే తీసుకుపోయారు. అరగదీసే మిషను ఫైనాన్సువాడు ఎత్తుకెళ్లాడు. కట్టర్లు, స్కేలు, బల్ల, మంచం మిగిలాయి. కిటికీ అద్దాలు పగిలినవాళ్లు పిలిస్తే ఇంటికి వెళ్లి బిగించి వచ్చేవాడు. పని అయ్యాక ఇంటివాళ్లు తలుపేసుకునేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ నిలబడేవాడు. కొందరు ఇంకా డబ్బు కోసం నిలబడ్డాడేమో అనుకునేవాళ్లు.

రోజులు గడిచాయి. చివరికి కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మిగిలిన బాకీలన్నీ రద్దు. వకీలు చెయ్యి కలిపి, "ఇంక నువ్వు స్వేచ్ఛాజీవివి. తలెత్తుకుని తిరుగు" అంది. ఆవిడ ఫీజు కూడా కొంత వదిలేసింది. చట్టాన్ని తిట్టడం తేలిక గాని, అది లేకపోతే అతను ఏ నుయ్యో గొయ్యో చూసుకునేవాడు. బతికించింది, కాదనలేం. ఎవరి కోసం బతకాలన్నది కోర్టు వ్యవహారం కాదు.

ఆ రోజునుంచి అతను వచ్చిన ప్రతి పనిలోనూ కొంత తీసి పక్కన పెట్టాడు. ఒక పూట తిండి మానేసి కూడా పెట్టాడు. ఒక కవరు నిండాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. వదిన మిషను ముందు కూర్చుని ఉంది. జుట్టు బాగా తెల్లబడింది. అడుగుల చప్పుడుకి తలెత్తి, మిషను ఆపి, లేచి నిలబడింది.

"రండి," అంది.

తన వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని అతను తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"కూర్చోండి," అని ఆవిడ కుర్చీ మీది గుడ్డలు తీసింది.

అతను కూర్చున్నాడు. కవరు మిషను పక్కన పెట్టాడు. "వదినా, ఇది మొదటి విడత. మిగతాది నెలనెలా తెస్తాను. కోర్టు కొట్టేస్తే కొట్టేసింది, నేను కొట్టెయ్యలేదు. మొత్తం తీరుస్తాను. గొలుసుతో సహా."

ఆవిడ కవరు తెరవలేదు. రెండు చేతులతో తీసి, నలగకుండా అతని చేతిలో తిరిగి పెట్టింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. కోపమైతే ఎప్పటికైనా దిగుతుంది.

"నాకూ కాగితం వచ్చింది. వాటాకి వచ్చిన చెక్కు కూడా వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. అంతటితో అయిపోయింది. మీరు నాకేమీ బాకీ లేరు."

"అలా అనకు వదినా."

"నిజమే చెబుతున్నాను. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి."

మిషను మీద సగం కుట్టిన చిన్న చొక్కా ఉంది, కాలరు ఇంకా అతకలేదు. దాని గురించి ఏదో ఒక వంక పెడదామని అతను నోరు తెరిచి, కాలరు ముక్కను చొక్కా పక్కకు సర్దాడు. లోపలినుంచి వంట వాసన వస్తోంది. ఒక్క మనిషికి సరిపడా వండిన వంట అది. ఆవిడ వంటింటి వైపు ఒకసారి చూసి, గుమ్మంలోకి వచ్చిన ఎవరినైనా అడగాలి కాబట్టి అడిగినట్టు, "భోంచేస్తారా?" అంది.

అతను పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. లేచి, కవరు జేబులో పెట్టుకున్నాడు.

"తినే వచ్చానండీ," అన్నాడు.